హీట్ పంపు మీద వినే మాటల్లో నిలిచేవి ఎన్ని?

బ్రిటన్‌లోనో జర్మనీలోనో అమెరికాలోనో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి ఇంటిని వెచ్చబెట్టే యంత్రం గురించి ఆలోచించాల్సిన రోజు తీరిగ్గా రాదు. డిసెంబరులో ఒక పొద్దున బాయిలర్ ఆగిపోతుంది. వచ్చి చూసిన మెకానిక్ ఇక మార్చక తప్పదంటాడు. చలికి వణుకుతున్న ఇంట్లో కూర్చుని ఎవరూ కొత్త పద్ధతిని పరిశీలించరు. ఉన్నదాన్నే మళ్లీ బిగించమంటారు. హీట్ పంపు అన్న మాట మనసులో మెదిలినా, అంతకుముందు అక్కడా ఇక్కడా విన్నవి దాన్ని వెనక్కి నెట్టేస్తాయి. గడ్డకట్టే చలిలో అది పనిచేయదట, పాత ఇళ్లకు పనికిరాదట, కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుందట, పక్కింటివాళ్లకు నిద్ర పట్టదట. ఈ ‘అట’లన్నిటికీ ఒకే బరువు లేదు. కొన్ని వట్టివి, కొన్ని సగం నిజం, ఒకటి రెండు మాత్రం నిజంగా గట్టివి. వాటిని విడదీయడానికి ఈ అధ్యాయంలో ఒక్క పద్ధతినే వాడదాం. ప్రతి అభ్యంతరం వెనుకా కొలవగలిగిన ఒక అంకె ఉంటుంది. అది ఊరందరి అంకె కాదు, మీ ఇంటి అంకె. దాన్ని మీరే కొలుచుకోవచ్చు. ఆ కొలత చేతిలో ఉంటే ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో తేలిపోతుంది.

ముందు చలి సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. హీట్ పంపు మనకు తెలియని యంత్రం కాదు. మే నెలలో విజయవాడలో గదిలోని వేడిని లాగి బయట పారబోసే ఏసీ, దిక్కు మార్చి నడిపితే హీట్ పంపే. వంటింట్లో ఫ్రిజ్ వెనుక చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం కూరగాయల్లోంచి లాగిన వేడే కదా. ఈ ఆలోచన కూడా పాతదే. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన విలియం థామ్సన్ 1852లోనే దీన్ని వివరించాడు. జ్యూరిక్ నగర సభాభవనాన్ని 1938 నుంచి లిమ్మాట్ నదీజలంలోని వేడితో ఒక హీట్ పంపు వెచ్చబెట్టింది. ‘బయట మైనస్ పది డిగ్రీలుంటే అందులో వేడి ఎక్కడిది’ అన్న సందేహం మన ఒంటికి తోచేది, పదార్థానికి కాదు. ఇప్పుడు చాలా యంత్రాల్లో వాడే ప్రొపేన్ వాయువు మామూలు పీడనం దగ్గర మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది. దానికి మైనస్ 10 డిగ్రీల గాలి వేడిగానే ఉంటుంది. ఆ గాలి తగిలి అది ఆవిరవుతుంది, కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి వేడెక్కిస్తుంది, ఆ వేడి ఇంట్లోకి వస్తుంది. కరెంటు ఖర్చయ్యేది వేడిని పుట్టించడానికి కాదు, మోయడానికి. అందుకే మామూలు కరెంటు హీటర్ ఒక యూనిట్ తిని ఒక యూనిట్ వేడి ఇచ్చేచోట ఇది దాదాపు మూడు యూనిట్లు ఇస్తుంది.

చలి పెరిగేకొద్దీ ఈ మూడు తగ్గుతుందన్న మాట నిజం, దాన్ని దాచనక్కర్లేదు. ఎంత తగ్గుతుందన్నదే ప్రశ్న. బ్రిటన్ ప్రభుత్వ నిధులతో 742 ఇళ్లలో హీట్ పంపులు బిగించి కొలిచిన ప్రయోగంలో గాలి నుంచి వేడి లాగే యంత్రాల మధ్యస్థ సామర్థ్యం ఏడాది మొత్తానికి 2.8 దగ్గర తేలింది. అత్యంత చలి రోజుల్లో అది 2.4 దగ్గరకు దిగింది. అంటే ఏడాదిలో అన్నిటికన్నా కష్టమైన రోజున కూడా ఒకటికి రెండుకు పైగా వచ్చింది. నార్వేలో పదింట ఆరు భవనాల్లో హీట్ పంపు ఉంది. స్వీడన్, ఫిన్లాండ్‌లు నలభై శాతం దాటాయి. అమెరికాలో మంచుకు పేరుపడ్డ మెయిన్ రాష్ట్రం 2025 నాటికి లక్ష హీట్ పంపులు పెట్టించాలనుకుని 2023లోనే ఆ లక్ష్యాన్ని చేరుకుంది. ఇంగ్లండ్‌లో మాత్రం ఒక చిక్కుంది. సున్నాకు కాస్త పైన ఉండే తేమ గాలి బయటి యూనిట్ మీద మంచుపొరలా పేరుకుంటుంది, దాన్ని కరిగించుకోవడానికి యంత్రం అప్పుడప్పుడు కొద్ది నిమిషాలు ఆగుతుంది. ఆ సమయంలో పైకి లేచే తెల్లటి ఆవిరిని చూసి యంత్రం తగలబడుతోందని కంగారుపడేవాళ్లున్నారు. అది దాని పనిలో భాగమే. చలి మీది అభ్యంతరం నిలవదు.

పాత ఇంటి మీది అభ్యంతరం ఇంకొంచెం లోతైనది, దాన్ని ఓపిగ్గా చూడాలి. ‘ఇంటికి మందమైన ఇన్సులేషన్ ఉంటే తప్ప హీట్ పంపు పెట్టకూడదు’ అని చాలామంది గట్టిగా చెబుతారు. వాళ్లు చెప్పేదాంట్లో నిజమున్న ముక్క ఒకటే: గ్యాస్ బాయిలర్ రేడియేటర్లలోకి 65, 70 డిగ్రీల నీళ్లు పంపగలదు, హీట్ పంపుకు 45, 50 డిగ్రీల నీళ్లంటే ఇష్టం. పంపే నీటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గించినకొద్దీ దాని సామర్థ్యం సుమారు రెండు, రెండున్నర శాతం పెరుగుతుంది. ఇటు రేడియేటర్ సంగతి చూస్తే, గది 20 డిగ్రీలుండగా అందులోని నీళ్లు సగటున 70 డిగ్రీల నుంచి 45కి దిగితే అది ఇచ్చే వేడి నలభై శాతానికి పడిపోతుంది. కాబట్టి అసలు ప్రశ్న ‘మా ఇల్లు పాతదా కొత్తదా’ కాదు. ‘గడ్డకట్టే రోజున మా ఇంటిని వెచ్చగా ఉంచడానికి రేడియేటర్లలోకి ఎన్ని డిగ్రీల నీళ్లు కావాలి’ అన్నది. వందేళ్ల నాటి ఇటుక ఇంట్లో కూడా రేడియేటర్లు పెద్దవైతే 50 డిగ్రీలు చాలవచ్చు. ఇరవయ్యేళ్ల క్రితం బిల్డర్ పొదుపు చేసి చిన్న రేడియేటర్లు పెట్టిన ఇంట్లో చాలకపోవచ్చు. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పాత ఇళ్లలోనే ఏళ్ల తరబడి కొలిచి చూస్తే గాలి నుంచి లాగే యంత్రాలకు సగటున 3.1, నేల నుంచి లాగేవాటికి 4.1 వచ్చాయి. పైన చెప్పిన బ్రిటన్ ప్రయోగం కూడా హీట్ పంపుకు బొత్తిగా పనికిరాని ఇంటి రకమంటూ ఏదీ లేదనే తేల్చింది. చాలా ఇళ్లలో మార్చాల్సి వచ్చేది గోడల్ని కాదు, కొన్ని రేడియేటర్లని.

ఈ అంకెను ఎవరినీ పిలవకుండా మీరే కనుక్కోవచ్చు. ఇప్పుడున్న బాయిలర్‌లో గదులు వెచ్చబెట్టే నీటి వేడికి ప్రత్యేకంగా ఒక మీట ఉంటుంది, రేడియేటర్ బొమ్మ పక్కన. బయట సున్నాకు దగ్గరగా ఉన్న రెండు మూడు రోజులు చూసుకుని దాన్ని 50కి దించండి. బాయిలర్‌ను పొద్దున గంట, సాయంత్రం రెండు గంటలు కాకుండా రోజంతా నడవనివ్వండి. ఇల్లు వెచ్చగానే ఉంటే మీ రేడియేటర్లు హీట్ పంపుకు సిద్ధంగా ఉన్నట్టే. ఒక గది మాత్రమే చల్లబడితే మార్చాల్సిన రేడియేటర్ ఏదో తెలిసిపోయింది. ఇల్లంతా చల్లబడితే ముందు అటకమీద ఇన్సులేషన్, కిటికీ సందులు చూసుకోవాలి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: వేడినీళ్ల సిలిండర్ విడిగా ఉన్న ఇళ్లలో స్నానాల నీటి వేడిని తగ్గించకూడదు, బాక్టీరియా పెరిగే ప్రమాదముంది. రెండిటికీ ఒకే మీట ఉంటే ఈ పరీక్షను హీటింగ్ ఇంజనీరు సాయంతోనే చేయండి. ఈ పరీక్ష వల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే గ్యాస్ బాయిలర్ కూడా నీళ్లు తక్కువ వేడితో తిరిగితేనే తక్కువ గ్యాస్ తాగుతుంది. ఇదే రోజుల్లో స్మార్ట్ మీటర్ కూడా చూడండి. అత్యంత చలి రోజున 120 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) గ్యాస్ కాలిందనుకుందాం. బాయిలర్ నష్టాలు తీసేస్తే 108. ఇరవైనాలుగు గంటలతో భాగిస్తే నాలుగున్నర కిలోవాట్లు. అలాంటి ఇంటికి ఎవరైనా 12 కిలోవాట్ల యంత్రం రాసిస్తే ఎందుకని అడగాలి. అవసరానికి మించిన యంత్రం మాటిమాటికీ ఆగి మొదలవుతూ కరెంటునీ తన ఆయుష్షునీ వృథా చేసుకుంటుంది.

బిల్లు మీది అభ్యంతరం వీటన్నిటికన్నా గట్టిది. హీట్ పంపును సమర్థించేవాళ్లు తరచుగా తేల్చేసేదీ దీన్నే, నాకు అభ్యంతరమున్నదీ అక్కడే. నార్వే ఉదాహరణ చలి సందేహాన్ని తీరుస్తుంది గానీ బిల్లు సందేహాన్ని తీర్చదు. అక్కడి ఇళ్లకు గ్యాస్ పైపులు దాదాపు లేవు, హీట్ పంపుకు పోటీ మామూలు కరెంటు హీటరే. బ్రిటన్‌లో పోటీ చవకైన గ్యాస్‌తో. ఈమధ్య కాలపు ధరల్ని సుమారుగా తీసుకుంటే యూనిట్ గ్యాస్ 6 పెన్నీలు, కరెంటు 25 పెన్నీలు. ప్రభుత్వ విధానాల ఖర్చును ఎక్కువగా కరెంటు బిల్లు మీదే మోపుతూ రావడం ఈ తేడాకు ఒక కారణం. ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాస్ కాల్చే మధ్యస్థమైన ఇంటికి గ్యాస్ ఖర్చు 690 పౌండ్లు. అదే వేడి 2.8 సామర్థ్యమున్న హీట్ పంపుతో కావాలంటే 3,700 యూనిట్ల కరెంటు, అంటే 925 పౌండ్లు. సామర్థ్యం 4కి చేరితే 650 లోపే. లెక్కప్రకారం ఈ ధరల్లో సరిసమానమయ్యే చోటు 3.75. సగటు యంత్రం అక్కడికి చేరదు. కాబట్టి ‘బ్రిటన్‌లో మామూలు కరెంటు ధర మీద, మామూలుగా బిగించిన హీట్ పంపు గ్యాస్‌కన్నా ఖరీదు’ అన్న అభ్యంతరం నిలుస్తుంది. దీన్ని ఒప్పుకోకుండా ముందుకు పోతే, బిగించుకున్న కుటుంబం మొదటి ఫిబ్రవరి బిల్లు చూసి మోసపోయామనుకుంటుంది.

అయితే ఈ అభ్యంతరంలో రెండు అంకెలున్నాయి, రెండూ మీ చేతిలో కొంతవరకు ఉన్నాయి. ఒకటి సామర్థ్యం, నీటి వేడిని 45 డిగ్రీలకు దించగలిగేలా బిగించిన వ్యవస్థ 3.5 దాటడం అసాధ్యం కాదు. రెండోది కరెంటు ధర. హీట్ పంపు ఉన్న ఇళ్లకు, వేళను బట్టి ధర మారే పథకాలిచ్చే కంపెనీలున్నాయి. చవక గంటల్లో ఇంటిని ఒక డిగ్రీ ఎక్కువ వెచ్చబెట్టి, సాయంత్రం ఖరీదైన గంటల్లో యంత్రాన్ని నెమ్మదింపజేస్తే సగటు ధర 18 పెన్నీల దగ్గరకు రావచ్చు. అప్పుడు 3.2 సామర్థ్యంతోనే ఖర్చు 580 దగ్గర నిలుస్తుంది. పైగా గ్యాస్ కనెక్షన్ పూర్తిగా తీసేస్తే రోజుకు సుమారు 30 పెన్నీల స్థిర రుసుము మిగులుతుంది, ఏడాదికి 110 పౌండ్లు. ఇక్కడే మన వంటింటి ప్రశ్న అడ్డొస్తుంది. గ్యాస్ పొయ్యి ఉంచుకుంటే ఆ రుసుము పోదు. మంట మీద పొంగే పుల్కా, కాల్చిన వంకాయ పచ్చడి రుచి కోసం ఏడాదికి 110 పౌండ్లు కట్టాలా అన్నది ప్రతి ఇల్లూ తేల్చుకోవాల్సిందే. పోపుకు ఇండక్షన్ పొయ్యి బాగానే సరిపోతుంది, వంకాయకు సరిపోదు. ఇక ఇప్పటికే కరెంటుతో నడిచే ఆయిల్ హీటర్ల మీదో, పాత స్టోరేజ్ హీటర్ల మీదో బతుకుతున్న ఇంట్లోనైతే ఈ చర్చ అంతా అనవసరం. మామూలు కరెంటు వేడితో పోల్చినప్పుడు హీట్ పంపు గెలుపు స్పష్టం.

మన ఇళ్లకే ప్రత్యేకమైన సంగతి ఒకటి ఏ బ్రోచర్లోనూ కనబడదు. బ్రిటన్‌లో ఇంజనీర్లు సాధారణంగా హాలుకు 21 డిగ్రీలు, పడకగదికి 18 అనుకుని యంత్రం పరిమాణం లెక్కిస్తారు. రాజమండ్రి నుంచో కరీంనగర్ నుంచో ఆర్నెల్లకు వచ్చిన తల్లిదండ్రులకు 18 డిగ్రీల పడకగది ఓర్చుకోలేని చలి. వాళ్లున్నప్పుడు ఇల్లంతా 23లో ఉంచేవాళ్లు ఆ మాట సర్వేకు వచ్చినవాళ్లకు ముందే చెప్పాలి. చెప్పకపోతే యంత్రం చిన్నదవుతుంది, జనవరిలో ఇల్లు వేడెక్కదు, తప్పు హీట్ పంపు మీద పడుతుంది. వేడినీళ్లూ అంతే. సిలిండర్ లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచే కాంబి బాయిలర్‌కు అలవాటుపడ్డ ఇంట్లో నీళ్లు అయిపోవడమన్నది తెలియదు. హీట్ పంపుకు సిలిండర్ కావాలి. 50 డిగ్రీలున్న 200 లీటర్ల నీళ్లను చన్నీళ్లతో కలిపితే స్నానానికి పనికొచ్చేవి 270 లీటర్ల లోపే. ఎనిమిది నిమిషాల షవర్‌కు 70 లీటర్లు పోతాయి. దీపావళి పొద్దున ఆరుగురు వరసగా తలంటుకునే ఇంటికి ఆ సిలిండర్ చాలదు. 300 లీటర్లది అడగండి. ఆ సిలిండర్ నిలబెట్టడానికి అల్మరా అంత చోటు కూడా లేని ఫ్లాట్లకు మాత్రం ఇది నిజమైన ఆటంకం.

అమెరికాలో ఉన్నవాళ్లకు లెక్క వేరు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఏసీ లేకుండా బతకలేరు, అది ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. హీట్ పంపంటే అటూ ఇటూ తిరగగల ఏసీ కాబట్టి, ఏసీ మార్చే సమయంలో అదనంగా పెట్టాల్సిన డబ్బు తక్కువ. అక్కడ 2022 నుంచే హీట్ పంపుల అమ్మకాలు గ్యాస్ ఫర్నేసులను దాటేశాయి. అక్కడ వినిపించే ఫిర్యాదు ‘చల్లగాలి కొడుతోంది’ అని. ఫర్నేసు గాలి 50 డిగ్రీల దగ్గర వస్తుంది, హీట్ పంపు గాలి 35 దగ్గర వస్తుంది. మన ఒంటి వేడి 37 కాబట్టి చెయ్యి పెడితే చల్లగా తోస్తుంది, కానీ 20 డిగ్రీల గదిని వెచ్చబెట్టడానికి అది చాలు. రాత్రికి బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారి పెంచితే మాత్రం సాయానికి పెట్టిన కరెంటు కాయిళ్లు వెలిగి బిల్లు మోగిపోతుంది. ఒకే ఉష్ణోగ్రతలో వదిలేయడమే దాని వాడకం. కరెంటు పోతే ఎలా అన్న భయం కూడా అక్కడే ఎక్కువ. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో టెక్సస్ చీకట్లో మునిగినప్పుడు గ్యాస్ ఫర్నేసులూ ఆగిపోయాయి, ఎందుకంటే వాటి ఫ్యాన్లకూ కరెంటే కావాలి.

చప్పుడు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇప్పటి యంత్రాల శబ్దం దగ్గర నిలబడితే మామూలు మాటలంత. పక్కింటి పడకగది కిటికీ కిందో, రెండు గోడల మూలలోనో పెడితే అది పెద్దదవుతుంది. చోటు ఎంచుకోవడంతో తీరే సమస్య ఇది. పర్యావరణం మీది సందేహం, ‘కరెంటు బొగ్గుతోనే కదా వచ్చేది’ అన్నది, బ్రిటన్‌లో కాలం చెల్లింది. అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న మూతబడింది.

పెట్టుబడి విషయం మాత్రం కళ్లు తెరుచుకుని చూడాలి. బ్రిటన్‌లో బిగింపుతో కలిపి పది నుంచి పదిహేను వేల పౌండ్లవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2023 అక్టోబరు నుంచి 7,500 పౌండ్ల ప్రభుత్వ సాయం ఉంది, స్కాట్లండ్‌కు విడిగా పథకముంది. సాయం పోను మిగిలేది కొన్ని ఇళ్లకు కొత్త బాయిలర్ ఖర్చుతో సమానం, కొన్నిటికి దానికి రెట్టింపు. అమెరికాలో రెండు వేల డాలర్ల దాకా వచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. రాష్ట్రాల, కరెంటు కంపెనీల రాయితీలు చోటును బట్టి వాకబు చేసుకోవాలి. రెండేళ్లలో ఇల్లు మారే ఆలోచన ఉన్నవాళ్లు, బాయిలర్ పెట్టి మూడేళ్లయినా కానివాళ్లు ఇప్పుడు తొందరపడాల్సిన పని లేదని నా అభిప్రాయం. పాత బాయిలర్ పదిహేనేళ్లకు చేరినవాళ్లు, ఏసీ మార్చబోతున్నవాళ్లు, పైన చెప్పిన 50 డిగ్రీల పరీక్షలో నెగ్గిన ఇళ్లవాళ్లు వాయిదా వేయడానికి నాకు కారణం కనబడదు.

కొటేషన్ ఇచ్చేవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి: గదిగదికీ వేడి నష్టం లెక్క కట్టారా, ఎన్ని డిగ్రీల నీటికి రూపకల్పన చేశారు, ఏడాది మొత్తానికి ఎంత సామర్థ్యం వస్తుందని కాగితం మీద రాసిస్తారా. ఇల్లు తిరిగి చూడకుండా పడకగదుల సంఖ్య అడిగి ధర చెప్పేవాళ్లకు పని ఇవ్వకండి. వచ్చే చలికాలం మొదటి గడ్డకట్టే వారంలో, బాయిలర్ బాగా పనిచేస్తుండగానే, ఆ మీటను 50కి దించి చూడండి. మీ ఇంటి సమాధానం మూడు రోజుల్లో మీకు తెలుస్తుంది.